మహారాజశ్రీ మేష్టారు గారికి

డిగ్రీ పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం రాజోలులో, లేసు ఎగుమతి చేసే ఒక షావుకారు గారి ఆఫీసులో. ఆఫీసంటే పెద్ద హంగేమీ లేదు. ఒక పెంకుటింటి ముందుగది, టైపు మిషను, రెండు బీరువాలు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇంటిపని తెమిలాక అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు మూటలు మూటలుగా మా దగ్గరికి వచ్చేది. దాన్ని ఉతికించి, ఇస్త్రీ చేయించి, పంటు మీద గోదావరి దాటించి, నరసాపురం నుంచి పైదేశాలకు పంపేవారు. తొంభైలు ముగియబోతున్న రోజులవి. నా పని ఉత్తరాలు రాయడం. ఇంగ్లీషు ఉత్తరం సుఖం. డియర్ సర్ అని మొదలుపెడితే అవతలివాడు జమీందారైనా జట్కావాడైనా ఒకటే. చిక్కంతా ఇటలీ వాళ్ళతో వచ్చింది.

అక్కడ మా సరుకు కొనే ఒక పెద్దావిడ ఇటాలియన్లో తప్ప రాసేది కాదు. నేను నిఘంటువు ముందు పెట్టుకుని, మాటకి మాట అతికించి, "నీ ఆర్డరు అందింది, నీ సరుకు వచ్చే నెల పంపుతాం" అన్నట్టు ఒక జవాబు పంపాను. నెల తిరిగేసరికి నా ఉత్తరమే నాకు తిరిగొచ్చింది. "నీ" అన్నచోటల్లా ఎర్రసిరాతో గీత. షావుకారు గారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏవమ్మా, ఆవిణ్ణి ఏవన్నా తిట్టేవా ఏంటి?" అన్నారు.

రోములో చదువుకొచ్చిన కేథలిక్ ఫాదరుగారు ఒకరు దగ్గర్లోనే ఉండేవారు. మేం ఆ చర్చి వాళ్ళం కాదు. అయినా శనివారం శనివారం ఉత్తరాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. నా ఘనకార్యం చూసి ఆయన తల పట్టుకున్నారు.

"సరుకు పాడైతే ఊరుకుంటారు గానమ్మా, పిలుపు పాడైతే ఊరుకోరండి వాళ్ళు," అన్నారు.

ఆయన చెప్పిందేమిటంటే, పరాయివాళ్ళనీ పెద్దవాళ్ళనీ 'లేయి' అనాలి. ఆ మాటకి అసలు అర్థం 'ఆమె'. ఎదురుగా ఉన్నది మీసాలాయనైనా సరే 'ఆమె'నే. పూర్వం 'తమ దొరతనం వారు' అన్నట్టు పిలిచేవారట, ఆ 'దొరతనం' అన్నది వాళ్ళ భాషలో ఆడమాట కాబట్టి చివరికి 'ఆమె' మిగిలింది. మన ఏలినవారు, తమరు లాంటివే. ఉత్తరం పైన మగవాళ్ళకైతే 'ఎగ్రేజియో', ఆడవాళ్ళకైతే 'జెంటీలె', కంపెనీకైతే 'స్పెత్తాబిలే'. డిగ్రీ ఉన్న ప్రతివాడూ 'దొత్తోరె'. ఇళ్ళకి ప్లాను గీసేవాడికి కూడా వేరే బిరుదు ఉంది. 'తూ' అంటే నువ్వు. అది ఇంట్లోవాళ్ళకి, స్నేహితులకి, దేవుడికి. కొత్తవాళ్ళ మధ్య 'తూ' రావాలంటే పెద్దవాళ్ళే ముందు నోరు తెరిచి, ఇక మనం నువ్వు అనుకుందాం అని చెప్పాలి. చిన్నవాళ్ళు తొందరపడకూడదు.

ఈసారి అన్నీ సరిగ్గా పెట్టి రాశాను. ఆవిడ నుంచి "జెంటీలె సిన్యోరీనా" అని నా పేరు మీద జవాబు వచ్చింది. నా పేరు ముందు ఒక గౌరవం మాట కాగితం మీద కనిపించడం అదే మొదలు. ఆ ఉత్తరం ఇంటికి తీసుకెళ్ళి నాన్నగారికి చూపించాను.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. మా తాత ఊళ్ళో పెద్దింటి పాలేరు. ఆ ఇంటి కొబ్బరితోటలో, ఆ ఇంటి పశువుల మధ్య బతికి అక్కడే పోయాడు. మిషను బడిలో చదువుకుని, ట్రైనింగయ్యి, మా పేటలో మొట్టమొదట సర్కారు జీతం తెచ్చుకున్నది నాన్నగారే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆయన నమ్మకం. అసలు మా కోనసీమలో తిట్టు కూడా అండీతోనే ముగుస్తుందని పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. మా నాన్నగారు ఇంకో రెండాకులు ఎక్కువ చదివారు. ఒకటో తరగతి పిల్లాణ్ణి "పలక తెచ్చేరా అండీ?" అని అడిగేవారు. దారికి అడ్డంగా పడుకున్న గేదెని "కాస్త లేవండీ" అన్నారని మా అమ్మ వేళాకోళం చేసేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు, ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

ఎందుకంటే ఆయన ఇన్ని అండీలు పంచిపెడితే పెద్దింటి నుంచి ఒక్కటీ తిరిగి రాలేదు. మా పేటలో అందరూ మేష్టారు గారండీ అనేవారు. పెద్దింటి పెద్దయ్యగారు మాత్రం "ఒరే మేష్టారూ" అనేవారు. ఒరే, మేష్టారూ రెండూ ఒక్క ఊపిరిలో. ఆ ఇంటి పిల్లలు నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే, మీసాలొచ్చాక వాళ్ళూ నువ్వు అనే అనేవారు. ఈయన చేతులు కట్టుకుని "ఆయ్, చిత్తవండి" అనేవారు.

ఇటలీ ఉత్తరం చూసి ఆయన చిన్నపిల్లాడైపోయారు. ఆ వారం నుంచి రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, ఫాదరుగారు చెప్పిన పిలుపులన్నీ చెప్పించుకుని, ఒక నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో రాసుకునేవారు. వాళ్ళ దేశంలో బడిపంతుల్ని 'మయెస్త్రో' అంటారని చెబితే, "మన మేష్టారులాగే ఉందమ్మా!" అని రెండుసార్లు పైకి అనుకున్నారు. యానాంలో ఫ్రెంచివాళ్ళ పెన్షను తీసుకునే ముసలాయన ఒకాయన తనని ఒకసారి 'మొస్యే' అని పిలిచి, కుర్చీ వేసి, మాట్లాడినంతసేపూ 'వూ' అన్నాడని, వూ అంటే మీరు అని, ఆ కథ మాకు వందోసారి చెప్పారు. ఆయన జీవితంలో అదొక పండగ మరి.

'ఎగ్రేజియో' అంటే మందలోంచి వేరుగా నిలబడ్డవాడని చెప్పాను. ఆయన పాళీ పక్కన పెట్టి ఆలోచించారు. "గొర్రెని మందలోంచి వేరుచేసి నిలబెడితే దానికి భయవెయ్యదా అమ్మలూ?" అన్నారు.

ఆయన దస్తూరీ గురించి చెప్పాలి. అలాంటి అక్షరం మా మండలంలో లేదు. నల్లసిరాలో పాళీ ముంచి రాస్తే అచ్చు వేసినట్టు ఉండేది. నాకూ చిన్నప్పుడు చేయి పట్టుకుని ఆయనే దిద్దించారు కాబట్టి మా ఇద్దరి రాతా ఒకటే. పరీక్ష పెట్టినా బయటివాళ్ళు పోల్చుకోలేరు. ఈ దస్తూరీ వల్ల ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా శుభలేఖల కవర్ల మీద పేర్లు రాయడానికి ఆయన్ని పిలిచేవారు. పెద్దింట్లో అయితే రెండు మూడు రోజుల పని.

ఆ పనిలో ఆయనకి ఇటలీ వాళ్ళు కూడా చాలరు. పురోహితులకి బ్రహ్మశ్రీ, వియ్యాలవారికీ పెద్దలకీ మహారాజశ్రీ, చిన్నవాళ్ళకి చిరంజీవి, ముత్తైదువలకి లక్ష్మీసమానురాలు. రిటైరైన తాసీల్దారు పేరు పక్కన తాసీల్దారు అని ఉండకపోతే ఆయన కార్డు పుచ్చుకోడు. ఒకసారి ఎవరో తొందరలో వట్టి శ్రీ పెట్టి పంపితే, మగపెళ్ళివారి మేనమామ ఒకాయన రావులపాలెం దాకా వచ్చి, అక్కడ బస్సు దిగి, వెనక్కి వెళ్ళిపోయాడట. ఎవరికి ఎంత పెట్టాలో నాన్నగారికి నోటికి వచ్చు. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో వరండా చివర చాప మీద కూర్చుని అందరికీ మహారాజశ్రీలు రాశారు.

ఆయన పేరు మాత్రం ఆ కవర్లలో ఎప్పుడూ లేదు. మా పేటకి కార్డులు రావు, కబురు వస్తుంది. ఎవరో పనివాడు సైకిలు మీద వచ్చి, "పెళ్ళికి రమ్మన్నారు" అని వీధి మొదట్లో కేకేసి పోతాడు. మేష్టారైనా మాకూ అదే కేక. వెళ్ళినవాళ్ళకి చివరి బంతిలో, పెరట్లో భోజనం.

ఒకరోజు మా అమ్మ చేపలు కడుగుతూ నాతో అంది. "ప్రతి పెళ్ళికీ మీ నాన్నగారు కవర్లన్నీ అయిపోయేక, ఇంకో పేరేవన్నా చెప్తారేమోనని కాసేపు పాళీ పట్టుకుని కూచుంటారే. ఇంటికొచ్చి నాతో చెప్పరు. నాకు తెలుసు."

నేను ఆగలేక ఆయన్నే అడిగేశాను. "మీ చేతిలోనే పాళీ ఉంది కదండీ. మీ పేరు మీరు రాసి పడెయ్యకూడదా?"

ఆయన నొచ్చుకున్నారు. "ఎవరి పేరు వాళ్ళు రాసుకుంటే అది పిలుపెలా అవుతుందమ్మా?" అన్నారు.

ఇంకో రెండేళ్ళలో ఆయన రిటైరవుతారనగా పెద్దయ్యగారి ఆఖరి మనవరాలికి పెళ్ళి కుదిరింది. నాన్నగారికి కబురొచ్చింది. ఒక కంటికి శుక్లం ముదిరి చూపు ఆనడం లేదు. తోడుగా నేను సెలవు పెట్టి వెళ్ళాను. పెద్దయ్యగారి చిన్నబ్బాయి జాబితా చదువుతుంటే నాన్నగారు సగం, నేను సగం రాశాం. రెండో రోజు సాయంత్రానికి జాబితా అయిపోయింది. చిన్నబ్బాయి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నాన్నగారు అమ్మ చెప్పినట్టే చేశారు. పాళీ సిరాలో ముంచి, దాన్ని అలా పట్టుకుని, లోపలి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. సిరా పాళీ మీదే ఎండిపోయింది. తర్వాత దాన్ని గుడ్డతో తుడిచి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు.

సముద్రాల అవతల లేసు కొనే ముసలమ్మ, నా మొహం కూడా చూడని మనిషి, నన్ను జెంటీలె అంది. ఆవిడ సొమ్మేం పోయింది? వీళ్ళ సొమ్మేం పోతుంది? మిగిలిన కార్డుల్లోంచి ఒకటి తీసి, కవరు మీద "మహారాజశ్రీ" అని, కింద నాన్నగారి పేరు, పక్కన "మేష్టారు గారికి" అని రాశాను. ఊళ్ళో పంచవలసిన కట్ట మధ్యలోకి దాన్ని దూర్చేశాను. నాన్నగారు తిరిగొచ్చేసరికి సిరా బుడ్డికి మూత పెడుతున్నాను.

కార్డులు పంచే పని పెద్దయ్యగారి కాకినాడ అల్లుడిగారికి అప్పగించారట. ఆయన పండగలకి వచ్చి పోయే మనిషి, ఊరికి కొత్తే. ఎవరు ఏ పేటో, ఎవరికి కార్డో ఎవరికి కేకో ఆయనకి తెలియదు. మర్నాడు పొద్దున్నే కారు మా వీధిలోకి వచ్చి ఆగితే పేటంతా బయటికొచ్చింది. ఆయన మా గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో కవరు అందించి, "మేష్టారు గారండీ, తమరు కుటుంబంతో వచ్చి అక్షింతలు వెయ్యాలండి," అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్నగారు కవరు మీది అక్షరాల్ని బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత తల ఎత్తి, "ఆయ్, తప్పకుండా వస్తామండి," అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి.

పెళ్ళికి పదకొండు రోజులు టైముంది. ఆ పదకొండు రోజులూ కవరు బల్ల మీద గోడకి ఆనించి పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకి చూపించలేదు, దాచనూ లేదు. స్కూలుకి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి దానివంక చూసుకునేవారు. తెల్ల పంచె గంజి పెట్టించుకున్నారు. ఇంత చిన్న పనికి ఆయన అంత సంతోషపడిపోతుంటే, ముందే ఎందుకు చెయ్యలేదా అనుకుని, నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముహూర్తం పొద్దున పదింటికి. అమ్మ రానంది. నేనూ నాన్నగారూ వెళ్ళాం. పందిరి ముందు పన్నీరు చల్లుతున్న కుర్రాళ్ళు ఆయన మీదా చల్లారు. ఆయన పందిట్లో కుర్చీల వరసలో, మరీ ముందూ కాదు మరీ వెనకా కాదు, మధ్యలో ఒక కుర్చీలో అంచున కూర్చున్నారు. నేను ఆడవాళ్ళ వైపు చివర నిలబడ్డాను. తాళి కట్టడం అయింది. అక్షింతలు వేసి వచ్చి మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు పెద్దయ్యగారి కంట పడ్డారు.

"ఒరే మేష్టారూ, ఇక్కడ కూచున్నావేంట్రా?"

నాన్నగారు లేచి నిలబడి జేబులోంచి కవరు తీశారు. కాకినాడ అల్లుడు ముందుకొచ్చి, "నేనే ఇచ్చేనండి మావగారూ, కట్టలో ఉంది," అన్నాడు. పెద్దయ్యగారు కవరు అందుకుని కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివారు. మహారాజశ్రీ దగ్గర ఆగారు. చిన్నబ్బాయిని పిలిచి, "ఈ పేరు నువ్వు చదివేవా?" అన్నారు. అతను లేదన్నాడు.

"రాత నీదే కదరా," అన్నారు పెద్దయ్యగారు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే. "మాకు చెప్తే మేవే పిలుద్దుం కదరా. నీకు నువ్వే మహారాజశ్రీ రాసేసుకున్నావా?"

చుట్టూ నాలుగైదు వరసలు నవ్వాయి. ఎవరో "మహారాజుగారికి సింహాసనం వెయ్యండ్రా" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నేను రాశాను అని ఒక్క మాట అనాలి. పందిరి గుంజ చాటుకి జరిగాను. అన్నిటికీ ముక్కు మీదుండే నా కోపం ఆ నిమిషంలో ఎక్కడికి పోయిందో తెలియదు. నాన్నగారు ఆడవాళ్ళ వైపు తల కూడా తిప్పలేదు. చేతులు కట్టుకున్నారు.

"ఆయ్. నేనే రాసుకున్నానండి," అన్నారు. "పొరపాటైపోయిందండి. క్షమించాలండి."

"సర్లే, పెళ్ళినాడు అవన్నీ ఎందుకు. భోంచేసి వెళ్ళు," అని పెద్దయ్యగారు కవరు అల్లుడి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నాన్నగారు పెరట్లోకి వెళ్ళి చివరి బంతి దాకా నిలబడి, విస్తరి ముందు కూర్చుని, పప్పూ పులిహోరా అన్నీ తిన్నారు. తినకుండా వెళ్తే పెళ్ళివారికి మంచిది కాదని ఆయన లెక్క. వచ్చేటప్పుడు వడ్డించినవాళ్ళకి, "భోజనం బాగుందండి," అని చెప్పారు. ఇంటికొచ్చి పంచె మడతపెట్టి, అమ్మతో, "పెళ్ళి బాగా చేసేరు," అన్నారు.

ఊళ్ళో ఆ మాట చాన్నాళ్ళు తిరిగింది. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఆయన్ని మహారాజా అని పిలిచేవారు. ఆయన వాళ్ళకీ "చెప్పండీ" అనే బదులిచ్చేవారు. తర్వాత పెద్దింటి నుంచి కవర్లు రాయడానికి కబురొస్తే చెయ్యి వణుకుతోందని చెప్పించారు. చెయ్యి వణకలేదు. హాజరు పట్టీ చివరి రోజు దాకా అదే దస్తూరీతో రాశారు. ఇటలీ పిలుపుల నోటుబుక్కు మాత్రం మళ్ళీ తెరవలేదు. కొత్తవి ఏం నేర్చుకున్నావని నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. శనివారాలు ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి, ఎవరెవరికో ఎగ్రేజియోలు రాసుకుని వచ్చేదాన్ని.

నాలుగేళ్ళు నేను ఆయనతో చెప్పలేదు. చెబుదామని రోజూ అనుకునేదాన్ని. రాసింది నేనేనని తెలిస్తే, ఆ పదకొండు రోజుల సంతోషం కూడా ఉత్తదైపోతుందని భయం. నవ్వులపాలైన మనిషికి ఆ పాటి సంతోషమైనా మిగలనీ అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, నాకు ధైర్యం లేదు.

ఆయన గుండె జబ్బుతో అమలాపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం అమ్మ కాఫీకని కిందికి వెళ్ళింది. కిటికీ బయట వాన. ఇక అప్పుడు కాకపోతే ఎప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది.

"నాన్నగారూ, ఆ కవరు నేను రాసేనండి."

ఆయన కళ్ళు తెరిచారు. ఏ కవరని అడగలేదు.

"తెలుసమ్మా."

"ఎప్పుడు తెలిసిందండీ? పందిట్లోనా?"

"ఆ బాబు గుమ్మంలో చేతికిచ్చినప్పుడే. లోకానికి మన ఇద్దరి రాతా ఒకటే గాని నాకు తెలీదా? నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే కదా."

"మరి తెలిసీ ఎందుకు వెళ్ళేరండీ?" అన్నాను. ఏడుస్తున్నానో అరుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"వాళ్ళు పిలవలేదు గాని నువ్వు పిలిచేవు కదమ్మా. అంత మర్యాదగా పిలిచేక వెళ్ళకపోతే బాగుంటుందా?"

ఆ వానాకాలం దాటకుండానే ఆయన పోయారు. ఎవరినైనా పిలిస్తే, పిలిచినవాళ్ళు ఎదురు వెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పక్కన కూర్చోవాలి. మా వైపు అది కనీస మర్యాద. మా నాన్నగారు గంజిపెట్టిన పంచె కట్టుకుని వెళ్ళింది నా పిలుపుకి. నేను ఆ రోజు ఆడవాళ్ళ వెనక గుంజ చాటున నిలబడ్డాను.